ఎనిమిదో రోజు గుర్రానిది

బస్సు డిపోలో ముప్పై ఒక్క ఏళ్లు డ్యూటీ చార్టులు వేశాను. ఏ డ్రైవరు ఏ రోజు ఏ బస్సు ఎక్కాలో రాసి గోడకు అంటించడం నా పని. అరగంటలో దాన్ని చింపడం డ్రైవర్ల పని. ఎవరి పని వాళ్లం శ్రద్ధగానే చేశాం. ఆదివారం సెలవు ఒకడికి వస్తే మిగతా వాళ్లందరికీ నేను శత్రువుని. రిటైరైన రోజు నాకు శాలువా కప్పినవాళ్లలో సగం మంది, నోరు కూడా కలిపి కప్పేద్దామన్నట్టు కప్పారు.

మా డిపోలోనే డ్రైవరుగా రిటైరై ఇప్పుడు అరకులో జీపు నడుపుకుంటున్న అప్పారావు మొన్న మాఘమాసంలో ఫోన్ చేశాడు. "గురూగారూ, ఇక్కడ కొండ మీద ఒక ఊళ్లో ఏడిళ్లకీ కలిపి ఒకటే గుర్రం. దాని డ్యూటీ మీద ఇంతవరకూ ఒక్క తగువు లేదు" అన్నాడు.

"చార్టు ఎవరు వేస్తారు?"

"గుర్రమే."

ఆ మాట విన్నాక నేను విజయనగరంలో కాలు నిలపలేకపోయాను. మా ఆవిడ బ్యాగులో స్వెట్టరు, మఫ్లరు, మోకాళ్ల నూనె, నాలుగు బిస్కెట్ ప్యాకెట్లు సర్దింది. మొదటి మూడూ నన్ను కాపాడాయి. నాలుగోది ముంచింది.

కొత్తవలస దాటాక

బుధవారం పొద్దున్న కొత్తవలసలో కిరండూల్ పాసింజరు ఎక్కాను. అది కొండెక్కే రైలు కాబట్టి జనం కూడా ఒకళ్ల మీద ఒకళ్లు ఎక్కి కూర్చున్నారు. సొరంగం వచ్చినప్పుడల్లా కుర్రకారు కేకలు పెడుతున్నారు. మూడో సొరంగం దగ్గర నేనూ ఒక కేక పెట్టాను. నాది మాత్రం, పక్కాయన నా కాలు తొక్కినందుకు.

తొక్కిన పాపానికి ఆయన నాకు పులిహోర పెట్టాడు. శృంగవరపుకోట షావుకారు. అల్లం, పసుపు, చింతపండు కొండ మీద కొని కింద అమ్ముతాడు. టైడాలో ఇరవై రూపాయలకు దొన్నెడు రేగుపళ్లు కొని ఆయనకు సగం ఇచ్చాను. ఎక్కడికని అడిగితే, ఉసిరిగరువు అన్నాను. ఆయన పండు నమలడం ఆపేశాడు.

"ఆ గుర్రం ఊరేనా?"

"అదే."

"ఆ గుర్రం నా కడుపు కొట్టేసింది బాబూ" అన్నాడు, పెద్ద కోపం లేకుండానే. "ఇదివరకు తవ్విన అల్లాన్ని ఆళ్లు దింపుకోలేపోయేవోరు. నెత్తి మీద ఒక గంప దింపితే ఆ రోజుకి మెడ అయిపోయేది. నాను శనివారం తాపీగా ఎక్కి, గంప కంటితో సూసి, నోటికొచ్చిన రేటు సెప్పి పట్టుకొచ్చేవోణ్ని. ఇప్పుడు గుర్రం రెండు బస్తాలు దింపేత్తాది. ఆళ్లే సంతకొచ్చి కాటా మీద ఎట్టమంటన్నారు. కాటా మీద ఎడితే నాకేటి మిగుల్తాది సెప్పండి?"

ఏం మిగులుతుందో నాకు తెలియలేదు కానీ, పులిహోర మాత్రం మిగలలేదు.

రెండు చుట్టల దూరం

అరకులో అప్పారావు జీపు ఎక్కాను. దారికి రెండు వైపులా బొంగులో చికెన్ బోర్డులే. ఒక వాగు దగ్గర జీపుకు రోడ్డూ, అప్పారావుకు మాటలూ ఒకేసారి అయిపోయాయి. అక్కడ నా కోసం సోమన్న నిలబడి ఉన్నాడు. ఉసిరిగరువులో నాకు ఆతిథ్యం ఇచ్చినవాడు ఇతనే. నలభై ఏళ్లుంటాయి, నా బ్యాగు వేలికి తగిలించుకుని నడిచాడు.

"ఇంకా ఎంత దూరం?" అన్నాను.

"ఎంతో లేదు. రెండు సుట్టలు."

అంటే రెండు చుట్టలు కాల్చేంత సేపు. మేం విజయనగరంలో దూరాన్ని ఆటో చార్జీతో కొలిచినట్టు ఇక్కడ చుట్టతో కొలుస్తారు. సోమన్న మొదటి చుట్ట కాలుస్తూ ఎక్కాడు. నేను చుట్ట లేకుండానే పొగలు కక్కుతూ ఎక్కాను. రెండోది అయిపోయి చాలాసేపైనా ఊరు రాలేదు. అడిగితే, "మీ నడకకి సుట్ట ఆరిపోతన్నాది బాబూ" అన్నాడు.

ఊళ్లో ఏడిళ్లు. సోమన్నది మూడోది. అతని భార్య పేరు మంగ్లి. ఇక్కడ పుట్టిన వారాన్ని బట్టి పేరు పెట్టే అలవాటు ఉంది. అలా సోమవారం మంగళవారాన్ని చేసుకుని సుఖంగా ఉంది. నాలుగో ఇంట్లో బుద్రి, అంటే బుధవారం. ఊరికి పెద్దదిక్కు అయితి అవ్వది ఆదివారం. డిపోలో నాకు చిక్కని ఆదివారం ఇక్కడ గుమ్మంలో కూర్చుని, నిప్పున్న వైపు నోట్లో పెట్టుకుని అడ్డపొగ కాలుస్తోంది.

మంగ్లి సామల అన్నం, రాజ్మా కూర అడ్డాకులో పెట్టింది. దారిలో చూసిన బొంగులో చికెన్ సంగతి ఎత్తాను. "ఊళ్లోకి కుండలొచ్చి సానా కాలమైనాది గద బాబూ. ఇంకా బొంగులో ఏల?" అంది.

గుర్రానికీ ఒక వంతు

గుర్రం పేరు లారీ. రోడ్డు వస్తే లారీ వస్తుందని ఏళ్ల తరబడి అందరూ చెప్పారట. రోడ్డు రాలేదు. ఏడిళ్ల వాళ్లూ ఒక పంట అల్లం కలిపి అమ్మి, ఈ గుర్రాన్ని పాడేరు వైపు నుంచి తెచ్చుకుని, ఆ పేరు దీనికి పెట్టేశారు. మన ఆటో కన్నా కొంచెం ఎత్తు, నా కన్నా కొంచెం సన్నం.

మొదట ఏడిళ్లకు ఏడు రోజులని వంతులు వేసుకున్నారు. అరకు సంత శుక్రవారం. దాంతో సంత వంతు ఎప్పుడూ ఒక్క ఇంటికే పడేది. ఆ ఇంటికి సంత, మిగతా ఆరిళ్లకు కట్టెలు, రేషన్ బియ్యం, జ్వరమొచ్చిన మనుషులు. తగువు ముదిరి, గుర్రాన్ని అమ్మేద్దాం అనేదాకా వచ్చింది. అప్పుడు అయితి అవ్వ ఎనిమిదో వంతు పెట్టింది. ఏడిళ్లూ అయ్యాక ఒక రోజు గుర్రానిదే. ఆ రోజు అది తన పాకలో తిని పడుకుంటుంది.

వారానికి రోజులు ఏడు, వంతులు ఎనిమిది. ఆ ఒక్క రోజు తేడాతో శుక్రవారం ప్రతి వారమూ ఒక్కో ఇల్లు జరుగుతుంది. ఎనిమిది వారాలు తిరిగేసరికి అందరికీ ఒక సంత దక్కుతుంది. ముప్పై ఒక్క ఏళ్లు నేను ఎరుపు, పచ్చ సిరాలతో వెతికిన చార్టు ఇది. అవ్వ కాళ్లకు దండం పెట్టబోయాను.

"ఇంత లెక్క ఎలా వేశావు అవ్వా?"

"లెక్కేటి బాబూ" అంది అవ్వ. "అది అలిసిపోనాది. మనిషికి సెలవున్నాది గదా, దానికీ ఇయ్యండి అన్నాను. అంతే."

ఇంకో నియమం కూడా ఉంది. రోజూ పొద్దుగూకే వేళ, మర్నాటి వంతు ఇంటివాళ్లు గుమ్మంలో ఉడకబెట్టిన ఉలవలు పెడతారు. గుర్రాన్ని విప్పితే తనే అక్కడికి నడిచి వెళ్లి తింటుంది. ఆ వేళ ఎవరి గుమ్మంలో నోరు పెడితే మర్నాడు వాళ్లది. ఇవాళ ఎవరి వంతు అన్న ప్రశ్నకు మనుషులు ఏడు జవాబులు చెబుతారు, గుర్రం ఒకటే చెబుతుంది. అందుకే మనుషుల మాట తీసేశారు.

గురువారం

గురువారం సోమన్న వంతు. శుక్రవారం నాలుగో ఇంటి బుద్రిది. ఆమె పొద్దున్నించీ వాగులో అల్లం కడుగుతూ కనిపించింది. భర్త పోయాడు, ఇద్దరు ఆడపిల్లలు హాస్టల్లో చదువుతున్నారు. ఎనిమిది వారాలు కాచుకుని సరిగ్గా ఈ సంతకే అల్లం తవ్వింది. దేనికని అడిగాను.

"టీచరమ్మని తెచ్చుకుందారని."

టీచరమ్మ అంటే మేక. సూడి మేక. ముందు కాళ్లకు సాక్సుల్లా తెల్ల మచ్చలు, నడక హుందా, అందుకే ఆ పేరు. రెండు సంతల కిందట చూసి మనసు పడింది. అమ్మేవాడు కొండ అవతలి ఊరి ముసలాయన. ఈ శుక్రవారం పొద్దు నడినెత్తి మీదికి వచ్చేదాకా ఇంకెవరికీ ఇవ్వనని మాట ఇచ్చాడు. "ఈనితే ఒక పిల్లని అమ్ముతాను, ఒకటి ఉంచుతాను" అంది. "ఇంట్లో మేకుంటే షావుకారు వచ్చినప్పుడు, ఇయ్యను పో అనొచ్చు బాబూ. ఏటీ లేకపోతే అనలేము."

అంత ముఖ్యమైన సాయంత్రం నేనేం చేశానో రాయడానికి సిగ్గుగా ఉంది, కానీ కాగితానికి ఏం సిగ్గు. సోమన్న అరుగు మీద కూర్చుని టీలో బిస్కెట్ ముంచుకుంటున్నాను. సోమన్న గుర్రాన్ని విప్పి ఇంట్లోకి వెళ్లాడు. గుర్రం నాలుగో ఇంటి వైపు రెండడుగులు వేసి ఆగి నన్ను చూసింది. నా సర్వీసులో ఏ డ్రైవరూ నన్ను అంత గౌరవంగా చూడలేదు. ఒక బిస్కెట్ ఇచ్చాను. తిని, తల ఊపింది. ఇంకొకటి ఇచ్చాను. కృతజ్ఞత ఉన్న జీవిని చూసి చాలా కాలమై, ప్యాకెట్ ఎప్పుడు అయిపోయిందో గమనించలేదు. అది సోమన్న గుంజ పక్కనే ఒక కాలు మడిచి కళ్లు మూసుకుంది.

నాలుగో గుమ్మంలో బుద్రి ఉలవలు పెట్టిన ఆకు పట్టుకుని "లారీ, రా, బేగి రా" అని పిలుస్తోంది. లారీ కదల్లేదు. బ్రేక్ డౌన్.

ఏడిళ్ల వాళ్లూ వచ్చారు. అయితి అవ్వ చుట్ట నోట్లోంచి తీసింది. అది తీసిందంటే కోర్టు మొదలైనట్టని సోమన్న చెవిలో చెప్పాడు.

"నోరెట్టినాదా?"

"ఎట్టినాది" అంది మంగ్లి.

"నమిలినాదా?"

"ఒకటే అవ్వా, చిన్నది" అన్నాను. మంగ్లి ఖాళీ ప్యాకెట్ ఎత్తి అందరికీ చూపించింది.

"మింగినాదా?"

సరిగ్గా అప్పుడే లారీ కళ్లు తెరిచి మూతి నాక్కుంది. ఆ సాక్ష్యం తర్వాత ఇంకెవరినీ విచారించలేదు.

"అవి బిస్కెట్లు అవ్వా, ఉలవలు కావు గదా" అని చివరి వాదన చేశాను.

"గుర్రానికి తెలీదు గద బాబూ" అంది అవ్వ. రేపు సోమన్నది. ఎల్లుండి శనివారం బుద్రిది. శనివారం సంత లేదు, షావుకారు ఉన్నాడు. బుద్రికి మళ్లీ శుక్రవారం వచ్చేది ఏడు వారాలకు. చార్టు మనసులోనే వేసి చూశాను. మొదటిసారి ఒక చార్టు చింపాలనిపించింది.

సోమన్న మంచివాడు. "నాకు రేపు దింపడానికేటీ లేదు. గుర్రాన్ని బుద్రికి ఇచ్చేత్తాను" అన్నాడు. వద్దన్నది బుద్రే.

"వద్దు మావా. ఈ పాలి మంచోడివి, నువ్వే ఇచ్చినావు. వచ్చే పాలి బలమున్నోడు అడిగి తీసుకుంటాడు. అప్పుడు నానేటి సెప్పాలి?"

ఆమె ఆకులోని ఉలవలు ఒక్కటీ పారెయ్యకుండా కొంగున మూట కట్టుకుంది. అప్పుడు నా వైపు తిరిగింది.

"బాబూ, మీరెంత మోత్తారు?"

అందరూ నవ్వారు, నేను తప్ప. అవ్వ చుట్ట మళ్లీ నోట్లో పెట్టుకుంటూ తీర్పు ముగించింది. "లారీ పని ఎవులు సెడగొడితే ఆళ్లే లారీ."

దిగుడు

శుక్రవారం తెల్లారగానే రెండు బస్తాల అల్లాన్ని నాలుగు గంపలు చేశారు. సోమన్నకొకటి, మంగ్లికొకటి, బుద్రికొకటి, నాకొకటి. నాది అన్నిటికన్నా చిన్నదని మంగ్లి ఒట్టేసి చెప్పింది. తల మీద చుట్టకుదురు పెట్టి గంప ఎత్తారు. నా పొట్టిదనం ఇంకో అంగుళం పెరిగింది.

మా వెనక లారీ, వీపు మీద నా బ్యాగుతో. ఆ రోజు గుర్రం సోమన్నది, నేను సోమన్న చుట్టాన్ని, కాబట్టి నా బ్యాగు గుర్రమెక్కడానికి అర్హత ఉంది. బుద్రి అల్లానికి లేదు. స్వెట్టరూ, మఫ్లరూ, మిగిలిన మూడు బిస్కెట్ ప్యాకెట్లూ గుర్రం మీద ఊరేగుతుంటే, అల్లం నా మీద దిగింది. గుర్రం ఊపిరి నా మెడ మీద వెచ్చగా తగులుతూనే ఉంది. తన పని వేరేవాడు చేస్తుంటే ఎలా చేస్తున్నాడో చూసే సీనియర్ ఉద్యోగి ఊపిరి అది.

పక్క ఊరి మనుషులు ఎదురయ్యారు. నన్నూ వెనక గుర్రాన్నీ చూసి, "ఏటి సోమన్నా, గుర్రాన్ని మార్సినావా?" అన్నాడొకడు. "పళ్లు సూసే కొన్నావా?"

"సగం కట్టుడువే" అన్నాను నేనే, దాచి లాభం లేక.

నవ్వుతూ అడుగు తప్పాను. గంప ముందు, నేను వెనక. దుంపలు దొర్లుకుంటూ నాకన్నా చక్కగా కొండ దిగాయి. లారీ వాటిలో ఒకదాన్ని వాసన చూసి తుమ్మింది. అందరూ దుంపలేరారు. నా మోచేతికి మోకాళ్ల నూనె రాశారు. ఆ తర్వాత ప్రతి మలుపులోనూ కూర్చున్నాను. కూర్చున్నప్పుడల్లా బుద్రి పొద్దు వైపు చూసింది. ఒక్కసారి మాత్రం అంది: "కూకోండి బాబూ. మేకే కూకోదు."

ఆ తర్వాత నేను కూర్చోలేదు.

సంత

వాగు దగ్గర లారీని చెట్టుకు కట్టి, అప్పారావు జీపులో అరకు చేరేసరికి పొద్దు నడినెత్తి దాటుతోంది. సంతలో ఎండుచేపల పక్కన సెల్‌ఫోన్ కవర్లు, వాటి పక్కన గాజులు. బుద్రి ఏదీ చూడలేదు. అల్లాన్ని కాటా మీద పెట్టించింది. ముల్లు ఆగేదాకా కన్నార్పలేదు. కొండ మీద షావుకారు ఇచ్చేదానికి రెండింతల పైమాటే వచ్చింది. ఆ నోట్లు పిడికిట్లో పట్టుకుని మేకల వైపు పరుగెత్తింది. మేము కుంటుతూ వెనకాల. కుంటింది నేనొక్కణ్నే.

తెల్ల సాక్సుల మేక అక్కడే ఉంది. దాని తాడు మాత్రం రైల్లో నా కాలు తొక్కిన షావుకారు చేతిలో ఉంది.

"పొద్దు దాటిపోనాది బుద్రీ. మాట ప్రకారం ఆగినాను" అన్నాడు అమ్మే ముసలాయన, కష్టంగా. బేరం కుదరబోతోంది, డబ్బు ఇంకా చేతులు మారలేదు.

షావుకారు నన్ను గుర్తుపట్టాడు. "ఏటి బాబూ, అల్లం వాసనొస్తన్నారు?"

ఈలోగా బుద్రి కొంగు ముడి విప్పింది. నిన్న సాయంత్రం గుర్రం తినని ఉలవలు. అరచేతిలో పోసి చేయి చాపింది. టీచరమ్మ చెవులు ముందుకు పెట్టింది. తాడునూ, తాడు పట్టుకున్న షావుకారునూ రెండడుగులు లాక్కొచ్చి, మూతి ఆమె అరచేతిలో పెట్టింది.

"తాతా, నోరెట్టినాది" అంది బుద్రి.

కొండ అవతలివాడైనా ముసలాయనకు లారీ సంగతి తెలుసు. బోసినోటితో నవ్వడం మొదలుపెట్టాడు.

"అది మీ ఊరి రూలు" అన్నాడు షావుకారు. "ఇది అరకు."

"మేకకి తెలీదు గద బాబూ" అన్నాడు ముసలాయన.

షావుకారు మేకను చూశాడు, నన్ను చూశాడు, తాడు వదిలేశాడు. "అల్లం గుర్రం పట్టుకుపోనాది, మేక ఉలవలు పట్టుకుపోనాయి. ఈ కొండ మీద జంతువులన్నీ ఒకటే పార్టీ" అని, పక్కనున్న మేకపోతును బేరమాడటానికి వెళ్లిపోయాడు.

బుద్రి తాడు రెండు చుట్లు మణికట్టుకు చుట్టుకుంది. అప్పుడు నవ్వింది. రెండు రోజుల్లో అదే మొదటిసారి. కొంగులో మిగిలిన గుప్పెడు ఉలవలు నా ముందుకు చాపింది.

"తినండి బాబూ. లారీ పని సేసినారు గదా."

సోమన్న, మంగ్లి నా నోటి వైపే చూస్తున్నారు. నియమం నాకూ తెలుసు. రైలు టికెట్ జేబులో ఉంది. అయినా తిన్నాను. చల్లగా, ఉప్పగా, కాస్త అల్లం వాసనతో ఉన్నాయి. గుర్రం గుడ్డిదైనా దాణా తప్పదన్న మాట గుర్తొచ్చింది. కుంటిదానికి కూడా తప్పదని తెలిసింది.

"మింగినారా?" అంది మంగ్లి, అచ్చం అవ్వలాగే.

"మింగాను."

"ఐతే రేపటి వంతు బుద్రి ఇంటికాడే."

టికెట్ చూపించి బతికిపోయాను.

ఇంటికొచ్చాక మోచేతికి పట్టీ వేయించుకుని, పాత క్యాలెండరు వెనక లారీ చార్టు వేశాను. మొన్నటి శుక్రవారం సోమన్నది. వచ్చే శుక్రవారం రెండో ఇంటిది, ఆ పై వారం మొదటి ఇంటిది. ఆ తర్వాతి శుక్రవారం గుర్రానిది. ఆ సంతకు ఎవరి అల్లమైనా మనిషి నెత్తి మీదే దిగాలి. డిపో చార్టులో ఇలాంటి రోజు కోసం 'స్పేర్' అని ఒక గడి ఉండేది. ఎవరూ ఒప్పుకోని గడి. దానికోసం ఎందరి చేత తిట్లు తిన్నానో. ఆ గడిలో నా పేరు రాసి గోడకు అంటించాను. ఎవరూ చింపలేదు.

మా ఆవిడ అది చదివి బ్యాగు దించింది. ఈసారి బిస్కెట్లు వద్దు, ఉలవలు పెట్టమన్నాను.

"గుర్రానికా, మీకా?" అంది.

ఆ రోజు గుర్రానికి సెలవని చెప్పాను.